కింద వేడి నీళ్ళ గొట్టాలు, పైన కడప బండ

ప్రశ్న: మాది కడప. ముప్పై ఏళ్ళు చిన్న చిన్న ఇళ్ళు కట్టించిన కాంట్రాక్టరును, ఇప్పుడు మానుకున్నాను. మా అబ్బాయి జర్మనీలో స్థిరపడి అక్కడే ఇల్లు కట్టించుకుంటున్నాడు. గదులు వెచ్చగా ఉండడానికి నేలలో ప్లాస్టిక్ గొట్టాలు పరిచి, వాటిలో వేడి నీళ్ళు తిప్పుతారట. గొట్టాల మీద సిమెంటు బెడ్డు వేసి ఇరవై నాలుగు రోజులైంది. కూలి ఖర్చు తగ్గుతుందని టైల్స్ మాత్రం ఇద్దరు స్నేహితుల సాయంతో తానే పరుస్తానంటున్నాడు. వీడియోలో చూస్తే బెడ్డు రాయిలా గట్టిగా ఉంది. అయినా అక్కడివాళ్ళు ఇంకా నెల పైన ఆగాలనీ, టైల్స్ వేయకముందే హీటింగ్ పెట్టాలనీ అంటున్నారట. ఇది పని సాగదీయడం కాదా? అసలు కింద వేడి పెడితే టైల్స్ పగలవా, లేచిపోవా? హాలులో పెద్ద టైల్స్, వంటింట్లోనూ గుమ్మం దగ్గరా మన కడప బండ వేయాలని వాడి కోరిక. అది పనికివస్తుందా? చివరగా ఇంకొకటి: మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, చలికాలం పొద్దున్నే బండల మీద నడవలేదు. మన ఇంట్లో కూడా ఇలాంటిది పెట్టించుకోవచ్చా?

— ఒక పాఠకుడు, కడప

సమాధానం: అయ్యా, ముందుగా వేడి సంగతి చూద్దాం. నేలలో నీళ్ళు తిరుగుతాయంటే మనకు పొయ్యి మీద సలసల కాగే నీళ్ళు గుర్తుకువస్తాయి కానీ, ఆ గొట్టాల్లో వెళ్ళే నీళ్ళు సాధారణంగా 35 నుంచి 45 డిగ్రీల మధ్యనే ఉంటాయి. పైన కాలు ఆనే చోట గదుల్లో 29 డిగ్రీలు, స్నానాల గదిలో 33 డిగ్రీలు దాటకూడదని యూరప్‌లో ఈ పనికి పాటించే ఇఎన్ 1264 ప్రమాణం చెబుతుంది. మే నెల మధ్యాహ్నం మీ ఇంటి మేడ మీద చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయలేరు, అయినా అక్కడ పరిచిన బండలు ఏళ్ళ తరబడి ఆ ఎండకు కాగుతూ రాత్రికి చల్లారుతూ ఉండనే ఉన్నాయి. దానితో పోలిస్తే మీ అబ్బాయి ఇంటి నేలకు తగిలేది గోరువెచ్చదనమే. ఆ వేడికి మంచి టైలు గానీ, మంచి రాయి గానీ పగలదు. పగిలిందంటే కారణం మూడింటిలో ఒకటై ఉంటుంది: బెడ్డు ఆరకముందే మూసివేయడం, కదలడానికి సందు వదలకపోవడం, టైలు కింద డొల్ల మిగల్చడం.

మూడింటిలో రెండు తప్పులు నేనే చేసి నేర్చుకున్నాను కనుక ఆ ముచ్చట చెబుతాను. కొన్నేళ్ళ క్రితం కర్నూలులో నేను దగ్గరుండి వేయించిన ఒక హాలులో, చూడటానికి అద్దంలా ఉండాలని, టైలుకు టైలు ఆనించి గోడ నుంచి గోడ దాకా సందు లేకుండా పరిపించాను. నాలుగో ఏడు, ఇంటివాళ్ళు భోజనం చేస్తూండగా టపాకాయ పేలినంత శబ్దంతో నడిమి వరుసలో రెండు టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని పాక కప్పులా పైకి లేచి నిలబడ్డాయి. వెళ్ళి ఒక టైలు తిరగేసి చూస్తే వెనుక భాగం డబ్బాలోంచి తీసినంత శుభ్రంగా ఉంది. కింద నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, ఐదు సిమెంటు ముద్దలు మాత్రం ఎండిపోయి కనిపించాయి. ఆ ఇంటి కింద గొట్టాలూ లేవు, వేడి నీళ్ళూ లేవు. మామూలు నేలలోనే ఇంత జరిగినప్పుడు, రోజూ వేడెక్కి చల్లారే నేలలో ఆ పద్ధతి ఒక్క చలికాలం కూడా నిలవకపోవచ్చు.

ఇప్పుడు ఆ నేల ఎలా ఉంటుందో చూడండి, ఎందుకంటే అది మన నేల లాంటిది కాదు. మనం స్లాబు మీద మాలు వేసి దాని మీదే బండ పరుస్తాం. అంతా ఒకదానికొకటి అంటుకుని ఉంటుంది. అక్కడ స్లాబు మీద థర్మోకోల్ లాంటి గట్టి పలకలు, వాటి మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద సుమారు 16 మిల్లీమీటర్ల గొట్టాలు 10 నుంచి 20 సెంటీమీటర్ల ఎడంతో వంపులు తిరుగుతూ ఉంటాయి. వాటిని కప్పుతూ 65 మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకుమించి, బెడ్డు వేస్తారు. గోడ చుట్టూ మెత్తని ఫోమ్ పట్టీ నిలబెడతారు. అంటే ఆ బెడ్డు కిందకీ అంటుకోదు, గోడకూ అంటుకోదు, చెరువులో తెప్పలాగా గదిలో తేలుతూ ఉంటుంది. వేడెక్కినప్పుడు అది మొత్తం ఒకే పలకగా సాగుతుంది. ఆరు మీటర్ల హాలులో బెడ్డు 20 డిగ్రీలు వేడెక్కితే సిమెంటు బెడ్డు దాదాపు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది. పైన ఉన్న పోర్సెలిన్ టైల్స్ అందులో సగమే సాగుతాయి. మిగిలిన ఆ 0.7 మిల్లీమీటరు అగ్గిపుల్ల మందంలో సగం కూడా ఉండదు. కానీ దాన్ని జిగురు భరించాలి, సందులు మింగాలి. ఈ నేల మీద టైలు పనిలోని కష్టమంతా ఆ 0.7 మిల్లీమీటరుదే.

ఆగమనడం సాగదీయడమా అని అడిగారు. కాదు. ముప్పై ఏళ్ళు పని చేయించిన మీకు తెలిసిన విషయమే, సిమెంటు గట్టిపడటం వేరు, ఆరడం వేరు. మనం స్లాబు వేశాక గట్లు కట్టి నీళ్ళు నిలబెడతాం, ఎందుకంటే ఆ రోజుల్లో దానికి తడే బలం. ఇరవై నాలుగో రోజు బెడ్డు రాయిలా మోగుతుంది, కానీ లోపల తడి ఇంకా చాలా ఉంటుంది. సిమెంటు బెడ్డు 50 మిల్లీమీటర్ల దాకా రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుందనీ, అంతకు మించిన మందం ఇంకా నెమ్మదిగా ఆరుతుందనీ బ్రిటన్‌లో లెక్కవేస్తారు. ఆ లెక్కన 65 మిల్లీమీటర్ల బెడ్డుకు రెండు నెలల పైన పడుతుంది. తడి ఉండగానే పైన టైలు వేసి మూసి, ఆ తరువాత కింద వేడి పెట్టారనుకోండి, ఆరుతూ బెడ్డు కుంచించుకుపోతుంది, పైనున్న టైలు కుంచించుకోదు. రెంటి మధ్యా జిగురు నలిగిపోతుంది.

టైల్స్ వేయకముందే హీటింగ్ పెట్టమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. బెడ్డుకు పగుళ్ళు రావలసి ఉంటే అవి టైలు కింద కాకుండా ఇప్పుడే, కళ్ళ ముందే రావాలి. సిమెంటు బెడ్డుకు 21 రోజులు నిండాకే ఈ మొదటి వేడి పెట్టాలి. మూడు రోజులు నీళ్ళను 25 డిగ్రీల వద్ద తిప్పి, ఆ తరువాత ఆ ఇంటికి లెక్కకట్టిన గరిష్ఠ వేడికి పెంచి కనీసం నాలుగు రోజులు అలాగే ఉంచాలి. తరువాత మెల్లగా దించాలి. ఏ రోజు ఎన్ని డిగ్రీలు పెట్టారో పైపుల పని చేసినవాళ్ళు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తారు. ఆ కాగితం చేతికి రాకుండా మీ అబ్బాయి ఒక్క టైలు కూడా వేయకూడదని నా సలహా. రేపు ఏదైనా తేడా వస్తే తప్పు ఎవరిదో తేల్చేది ఆ కాగితమే. ఈ వారం రోజుల వేడితో బెడ్డు పూర్తిగా ఆరిపోతుందన్న హామీ లేదు, ఆరకపోతే మళ్ళీ కొన్నాళ్ళు వేడి పెట్టవలసి వస్తుంది. ఈ వేడిలో సన్నని పగుళ్ళు కనిపిస్తే మన అలవాటు ప్రకారం సిమెంటు పాలు పోసి మూసేయకూడదు. పగులు వెంట గాడి కోసి, దానికి అడ్డంగా అక్కడక్కడా చిన్న గాట్లు పెట్టి, వాటిలో ఇనుప క్లిప్పులు పరిచి రెసిన్ పోస్తారు. ఇది ఒక పూట పని.

ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పేవాళ్ళను నమ్మవద్దు. పాలిథిన్ షీటు అంటించి రాత్రికి రాత్రి కింద చెమట పడుతుందేమో చూడటం మంచిదే కానీ, అది పై తడిని మాత్రమే చెబుతుంది. అక్కడ చేసే అసలు పరీక్ష మీకు నచ్చుతుంది. బెడ్డును ఒక చోట కింది భాగం దాకా తవ్వి, ఆ ముక్కలను చిన్న రోట్లో నూరి, సిమెంటు బెడ్డు అయితే సాధారణంగా 50 గ్రాములు తూచి, ఉక్కు సీసాలో వేస్తారు. దానితో పాటు నాలుగు ఉక్కు గోళీలూ, కాల్షియం కార్బైడ్ నింపిన ఒక గాజు గొట్టమూ వేసి, మూత బిగించి బాగా కుదుపుతారు. గాజు పగిలి కార్బైడ్ బయటపడి, పొడిలో ఉన్న తడిని తాకి ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. తడి ఎంత ఉంటే అంత వాయువు, మూత మీది మీటరు ముల్లు అంత పైకి వెళుతుంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడవద్దని మన దగ్గర నిషేధించిన కార్బైడే అది. గొట్టాలున్న సిమెంటు బెడ్డులో ఈ పరీక్షలో 1.8 శాతం దాటకూడదు. ఎక్కడ తవ్వాలన్నది మీ అబ్బాయి నిర్ణయించకూడదు, గొట్టం లేని చోటును పైపులవాళ్ళు ముందే గుర్తుపెట్టి ఉంచుతారు, అక్కడే తవ్వాలి.

ఇక్కడ ఒక ప్రశ్న మీరు మీ అబ్బాయిని తప్పక అడగాలి: ఆ బెడ్డు నిజంగా సిమెంటుదేనా? జర్మనీలో చాలా ఇళ్ళలో నీళ్ళలా జారుగా కలిపి పోసే ఆన్‌హైడ్రైట్ బెడ్డు వేస్తారు, అది జిప్సం జాతిది, చూడటానికి సిమెంటులాగే ఉంటుంది. అదైతే లెక్కలన్నీ మారతాయి. ఏడు రోజులకే వేడి పెట్టవచ్చు, ఆరాక మిగిలే తడి మాత్రం 0.5 శాతం లోపే ఉండాలి. కొన్ని జిగురు కంపెనీలు 0.3 శాతం దాకా అడుగుతాయి. పైన తేలిన మెత్తటి పొరను మిషనుతో గీకి, దుమ్ము పీల్చి, ప్రైమర్ కొట్టాలి. ప్రైమర్ లేకుండా సిమెంటు జిగురు నేరుగా తగిలితే తడిలో జిప్సమూ సిమెంటూ కలిసి ఎట్రింగైట్ అనే ఉబ్బే లవణం పుడుతుంది. అది జిగురును కింది నుంచి నెట్టేస్తుంది. అప్పుడు టైలు, దాని వెనుక జిగురు చెక్కుచెదరకుండా, రొట్టె పెనం నుంచి ఊడినట్టు ఊడివస్తుంది. చాలామంది అది జిగురు లోపమనుకుని కంపెనీని తిట్టుకుంటారు.

ఇక పరిచే పని. మీరు వీడియోలో సలహాలిస్తారు కనుక, మన అలవాట్లలో ఏవి అక్కడ పనికిరావో ముందే చెబుతాను. ముద్దలు పెట్టి అంటించడం పనికిరాదు. టైలు కింద గాలి మిగిలిన చోట రెండు నష్టాలు జరుగుతాయి. గాలి వేడిని పైకి పంపదు కనుక కాలికి ఒక చోట వెచ్చగా ఒక చోట చల్లగా తగులుతుంది. పైగా ఆసరా లేని మూల మీద కుర్చీ కాలు పడితే విరుగుతుంది. పొడి సిమెంటు చల్లి, నీళ్ళు చిలకరించి, పైన టైలు పెట్టి రబ్బరు సుత్తితో కొట్టే పద్ధతి కూడా వద్దు. అది ఒకసారి గట్టిపడితే వంగదు. కావలసింది వంగే గుణమున్న జిగురు. సంచి మీద సి2 అనీ ఎస్1 అనీ రెండు గుర్తులు చూడమనండి. మొదటిది పట్టు గురించి, చదరపు మిల్లీమీటరుకు కనీసం ఒక న్యూటన్ లాగినా ఊడదని అర్థం. రెండోది వంగడం గురించి, జిగురు పట్టీ విరగకుండా కనీసం 2.5 మిల్లీమీటర్లు వంగుతుందని అర్థం. ఎస్2 అయితే 5 మిల్లీమీటర్లు. ఒక మీటరు దాటిన పెద్ద టైల్స్ వేస్తుంటే ఎస్2 కొనడం దండగ కాదు. ఇవి అక్కడి ఇఎన్ 12004 ప్రమాణం గుర్తులు. మన ఐఎస్ 15477 ప్రమాణం కూడా జిగుర్లను వర్గాలు చేసింది.

పళ్ళున్న తాపీతో జిగురును నేల మీద ఒకే దిక్కుకు దువ్వాలి, గుండ్రంగా తిప్పకూడదు. గుండ్రంగా తిప్పితే గాలి లోపలే చిక్కుకుంటుంది, తిన్నగా దువ్విన గీతల మధ్య నుంచైతే టైలు నొక్కగానే పక్కకు వెళ్ళిపోతుంది. టైలు వెనుక కూడా తాపీ చదునైన అంచుతో పల్చగా జిగురు పూయాలి. మొదటి మూడు నాలుగు టైల్స్ పరిచాక అందులో ఒకదాన్ని, పచ్చిగా ఉండగానే, పీకి వెనక్కి తిప్పి చూడమనండి. గీతలు ఇంకా గీతలుగానే కనిపిస్తే జిగురు చాలలేదనో, నొక్కలేదనో, పూసి ఎక్కువసేపు వదిలేశారనో అర్థం. వెనుక భాగమంతా, మూలల్లో కూడా, ఖాళీ లేకుండా పట్టి ఉండాలి. ఒక టైలు పాడవుతుందని మీ అబ్బాయి వెనకాడవచ్చు, ఆ జిగురు గీకేసి అదే టైలు మళ్ళీ వేసుకోవచ్చని చెప్పండి. బెడ్డులో ఎత్తుపల్లాలుంటే వాటిని ముందుగానే సెల్ఫ్ లెవలింగ్ మాలుతో సరిచేసుకోవాలి తప్ప, జిగురు ఒక చోట మందంగా ఒక చోట పల్చగా వేసి సర్దకూడదు.

పరిచే రోజుల్లో హీటింగ్ ఆపి ఉండాలి, రెండు రోజుల ముందే ఆపితే మంచిది. వెచ్చని బెడ్డు మీద పూసిన జిగురు పెనం మీది దోసెపిండిలా పైన పొర కట్టేస్తుంది, టైలుకు అంటుకోదు. బయట గడ్డకట్టే చలి ఉన్న నెలల్లో అయితే పూర్తిగా ఆపకుండా నేల 15 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకోవచ్చు.

సందుల విషయంలో నేను కాస్త మొండిగా చెబుతాను, కర్నూలు హాలు ఇంకా నా కళ్ళ ముందే ఉంది కనుక. టైలుకు టైలుకు మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల స్పేసరు పెట్టాలి, అందులో వంగే గుణమున్న గ్రౌటు నింపాలి. గోడ చుట్టూ ఉన్న ఫోమ్ పట్టీని టైల్స్ వేసి గ్రౌటింగ్ అయ్యేదాకా కోయకూడదు. అందం కోసమని ముందే కోసేస్తే ఆ సందులోకి జిగురు జారి గట్టిపడుతుంది, తేలే తెప్పకు గొలుసు వేసినట్టవుతుంది. పట్టీని చివర కోసి, స్కర్టింగ్‌కూ నేలకూ మధ్య సందును సిలికాన్‌తో నింపాలి, గ్రౌటుతో కాదు. ఆ సిలికాన్ ఒకటి రెండేళ్ళలో చిరగవచ్చు. సిమెంటు బెడ్డు ఆరేటప్పుడు అంచులు కొద్దిగా పైకి లేచి, పూర్తిగా ఆరాక మళ్ళీ దిగుతాయి, అప్పుడు స్కర్టింగ్ కింద సన్నని ఖాళీ కనిపిస్తుంది. అది చూసి కంగారు పడవలసిన పని లేదు, సిలికాన్ గీకేసి మళ్ళీ నింపితే సరిపోతుంది.

బెడ్డు వేసినవాళ్ళు గుమ్మాల దగ్గరా, పెద్ద హాలులో మధ్యనా సందులు వదిలి ఉంటారు. గొట్టాలున్న నేలలో ఒక్కో పలక 40 చదరపు మీటర్లకూ, ఒక్కో పక్క 8 మీటర్లకూ మించకుండా విడగొట్టాలన్నది నియమం. బెడ్డులో సందు ఎక్కడ ఉందో టైల్స్‌లో కూడా సరిగ్గా దాని పైనే సందు రావాలి. టైలును ఆ గీత మీదుగా వేస్తే సరిగ్గా ఆ గీత వెంబడే పగులుతుంది, ఇందులో సందేహం లేదు. కాబట్టి మొదటి టైలు ఎక్కడ పెట్టాలన్నది గది మధ్య నుంచి కొలిచి కాక, ఆ సందుల నుంచి కొలిచి నిర్ణయించుకోవాలి. బెడ్డుకూ టైలుకూ మధ్య ఎడబాపే షీటు అని ఒకటి దొరుకుతుంది, కొద్దిపాటి పక్క కదలికను అది తనలో కలుపుకుంటుంది. పెద్ద టైల్స్ కనుక, మొదటిసారి చేస్తున్నవాడు కనుక, హాలు వరకు అది వేసుకోమనే నా మాట. అయితే అది వేశాం కదా అని తడి బెడ్డు మీద టైల్స్ వేసేయడానికీ, గుమ్మం దగ్గరి సందులు మూసేయడానికీ కుదరదు.

కడప బండ తప్పకుండా పనికివస్తుంది. నేల వేడికి రాయి అనువైన పరుపు. 20 మిల్లీమీటర్ల బండ వేడిని అడ్డుకునేది 15 మిల్లీమీటర్ల చెక్క అడ్డుకునేదానిలో సుమారు పదో వంతు. టైలు కంటే కాస్త ఆలస్యంగా వెచ్చబడి, ఆలస్యంగా చల్లారుతుంది, అంతే తేడా. మన నల్లబండ యూరప్‌లో రాళ్ళ దుకాణాల్లో కడప్పా బ్లాక్ అన్న పేరుతోనే దొరుకుతుంది కనుక, ఎర్రగుంట్ల నుంచి కంటెయినర్‌లో పంపవలసిన అవసరం మీకు లేదు. అయితే ఎక్కువగా బయటి ఆవరణలో పరచడానికి చెక్కి వదిలేసిన బండలు అమ్ముతారు. వాటి మందం బండ బండకూ మారుతుంది. మందం సరిచేసి కోసినవి అడిగి కొనాలి, కొన్నాక కూడా మందాన్ని బట్టి వేరుచేసి పేర్చుకోవాలి. నాపరాయి పొరలు పొరలుగా లేచే రాయి అన్నది మీకు కొత్త కాదు. ఒక్కో బండను అంచు పట్టి నిలబెట్టి సుత్తి పిడితో తట్టాలి, ఖంగున మోగినదే వంటింట్లోకి వెళ్ళాలి, డొల్లగా పలికినది పక్కన పెట్టాలి. పొర విడిన బండ కింద వేడి నీళ్ళున్నా లేకున్నా నిలవదు. వెనుక ఉన్న రాతిపొడిని తడి బ్రష్షుతో కడిగి, ఆరాకే జిగురు పూయాలి. అన్నట్టు, అది సున్నపురాయి కనుక నిమ్మకాయ చెక్కా చింతపండు పులుసూ పడితే మచ్చ తేలుతుంది. జర్మనీకి వెళ్ళినంత మాత్రాన మన వంటలో పులుపు తగ్గదు కదా. పొయ్యి ముందు భాగానికైనా రాతికి పట్టే సీలర్, బండలు పూర్తిగా ఆరాక, పూయించుకోమనండి.

గ్రౌటింగ్ అయ్యాక పండుగకు గృహప్రవేశమని వెంటనే హీటింగ్ పెట్టకూడదు. జిగురు సంచి మీద ఎన్ని రోజులని రాసి ఉందో అన్ని రోజులు ఆగాలి. సాధారణంగా కనీసం వారం ఆగమంటారు, రెండు వారాలు ఆగితే నేను సంతోషిస్తాను. ఆ తరువాత రోజుకు 5 డిగ్రీల చొప్పున మాత్రమే పెంచాలి. గొట్టాల ఫొటోలు, టేపు పెట్టి కొలత కనబడేలా తీసినవి, బెడ్డు వేయకముందు తీసి ఉంటే వాటిని ఇంటి కాగితాలతో పాటు దాచమనండి. తలుపు గోడకు తగలకుండా పెట్టే చిన్న స్టాపరు కోసం డ్రిల్లింగ్ చేసి గొట్టానికి చిల్లు పెట్టడమన్నది ఇలాంటి ఇళ్ళలో జరిగే అతి చిన్న, అతి ఖరీదైన పొరపాటు. స్టాపరును జిగురుతో అంటించుకోవాలి. పూజగదిలో మంటపాన్ని కూడా నేలకు బోల్టులు వేయకుండా కాళ్ళ మీద నిలబెట్టుకుంటే, దాని కింద గాలి ఆడి వేడి ఒకే చోట నిలిచిపోకుండా ఉంటుంది.

ఇక మీ ఇంటి సంగతి. కడపలో దీన్ని పెట్టించవద్దు. మన చలికాలం రాత్రుల్లో చలి మహా అయితే కొన్ని వారాల మాట. ఆ కొన్ని వారాల కోసం ఉన్న బండలన్నీ పెకలించి, కింద థర్మోకోల్ పరచి, నేలను మూడు నాలుగు అంగుళాలు ఎత్తుచేసి, తలుపులన్నీ కోసి, నీళ్ళు వేడిచేసే యంత్రమూ పంపూ కొని పెట్టాలి. పైగా అలాంటి బెడ్డు వెచ్చబడటానికే గంటలు పడుతుంది, పొద్దున అరగంట వెచ్చదనం కోసం రాత్రంతా నడపాలి. పోనీ ఎండాకాలం అదే గొట్టాల్లో చల్లని నీళ్ళు తిప్పుదామంటే, గాలిలో తడి ఎక్కువగా ఉన్న వానాకాలంలో నేల మీద మంచు చెమట పట్టి జారుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఉన్న ఇంట్లో అంతకన్నా ప్రమాదం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పడుకోవడానికి మనకు ఆ నాపబండ చల్లదనం కావాలి, దాన్ని చెడగొట్టుకోకండి. మీ ఆవిడ పొద్దున్నే నడిచే దారి మంచం నుంచి స్నానాల గదికీ, అక్కడి నుంచి వంటింటికీ అయి ఉంటుంది. ఆ దారి పొడవునా కింద జారని రబ్బరు అంటించిన మందపాటి చాప పరచండి, ఇంట్లో తొడుక్కోవడానికి మెత్తని చెప్పులు కొనివ్వండి, నొప్పుల సంగతి ఎముకల డాక్టరుకు చూపించండి. వచ్చే డిసెంబరులో మీ అబ్బాయి ఇంటికి ఇద్దరూ వెళ్ళి, ఆ వంటింటి నల్లబండ మీద ఆవిడ చెప్పులు లేకుండా నడిచి ఎలా ఉందో చెబితే, నాకు ఒక కార్డు ముక్క రాయండి.